పెనుకొండ ఎక్కేదానికి ముందు ఒక పంచాయితీ

చుట్టూ చదునైన చేలు, మధ్యలో ఉన్నట్టుండి నిలువుగా లేచిన రాతిగుట్ట. సముద్రంలో దీవి మాదిరి. భూగోళం పాఠాల్లో కూడా ఇట్లాంటివాటిని దీవి కొండలనే అంటారు. శ్రీ సత్యసాయి జిల్లాలో ఏ రోడ్డు పట్టుకున్నా రెండు మూడు కంటబడతాయి. వాటిలో కోట ఉన్నది, రాజధాని అయినది పెనుకొండ.

ధర్మవరంలో నాకు తెలిసిన మగ్గాల ఇంటాయన ఒకరున్నారు. వయసు డెబ్బైకి దగ్గర. ఆయన అక్క కూతురు హిందూపురంలో పుట్టి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటోంది. సెలవు దొరికితే చాలు, నంది కొండ, స్కందగిరి, సావనదుర్గ అంటూ తిరిగే మనిషి. దసరా వెళ్ళినాక ఒక మధ్యాహ్నం వీళ్ళిద్దరూ పెనుకొండ గురించి పూటంతా వాదించుకున్నారు. ఒక్క రోజులో ఎక్కి దిగొచ్చే ప్రయాణానికి ఆమె కాగితం మీద పట్టిక గీసి తెచ్చింది. ఆయన అందులో ఒక్క గడి కూడా ఒప్పుకోలేదు. నేను పక్కన కూర్చుని విన్నాను. ఎవరు గెలిచారో చెప్పడం నా పని కాదు గానీ, నా మొగ్గు ఎప్పుడు ఎటు పోయిందో మాత్రం దాచుకోను.

కోడలు: మామా, ఉగాదికి సెలవు పెడతాండా. ఆదివారం పొద్దున నేను, అమ్మ, నా స్నేహితురాళ్ళు హిందూపురంలో రైలెక్కుతాం. నువ్వూ నీ మనవడూ ధర్మవరంలో ఎక్కండి. ఒకటే లైను గదా, పెనుకొండ స్టేషన్లో కలుస్తాం. ఆడినుంచి ఆటో. తొమ్మిదికి ఎక్కడం మొదలుపెడితే పన్నెండుకు పైన ఉంటాం. నరసింహస్వామి గుడి చూసుకొని, తిని, మూడింటికల్లా కింద. సాయంత్రం లేపాక్షి. రాత్రికి ఇల్లు.

మామ: ఉగాదికా?

కోడలు: సెలవు అప్పుడే దొరికేది.

మామ: సెలవు మీ ఆఫీసోళ్ళు ఇస్తారు, సరే. నీడ ఎవరిస్తారు? ఎండ ముదిరే గంటలన్నీ ఏరి ఏరి ఎక్కేదానికి పెట్టుకున్నావు. బండ కాగిన గంటలు దిగేదానికి పెట్టుకున్నావు. పగోడు కూడా ఇంత బాగా రాసివ్వడు పాపా.

కోడలు: టోపీలుంటాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళుంటాయి.

మామ: టోపీ తలకు. కింది నుంచి కొట్టే సెగకు ఏం కప్పుతావు? మన గుట్టలు మట్టి గుట్టలు కావు, గ్రానైటు బండ. పొద్దంతా ఎండను తాగుతుంది, మధ్యాహ్నం మించినాక కక్కుతుంది. పొద్దు గుంకినాక కూడా చేయి పెట్టి చూడు, వెచ్చగానే ఉంటుంది. సావనదుర్గలో చెట్లున్నాయి, నందిలో చలి ఉంది. మన దగ్గర ఉండేది బోదగడ్డి, ముండ్లు, బండ. బోదగడ్డి నీడలో ఎవరు కూర్చుంటారు?

కోడలు: నేను గాల్లో లెక్క వేయలేదు మామా. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు ఆయన కొండలెక్కేదానికి ఒక సూత్రం చెప్పినాడు. మూడు మైళ్ళ నడకకు గంట, రెండు వేల అడుగుల ఎత్తుకు ఇంకో గంట. లోకమంతా దాన్నే పట్టుకొని బయల్దేరుతుంది. ఆ లెక్కన మన పెనుకొండకు గంటన్నర కూడా పట్టదు. నేను మూడు గంటలు పెట్టినా. రెట్టింపు!

మామ: స్కాట్లాండులో ఎండెంత?

కోడలు: అది…

మామ: ఆయన లెక్కలో చెమట ఉందా? ఆగి నీళ్ళు తాగేది ఉందా? మీ అమ్మ మోకాళ్ళు ఉన్నాయా?

ఈ మాట నిజమే. నైస్మిత్ సూత్రం ఒళ్ళు గట్టిగా ఉన్న మనిషికి, వాతావరణం అనుకూలంగా ఉన్న రోజుకు, ఎక్కడా ఆగకుండా నడిచే నడకకు చెప్పింది. అలసటకూ బరువుకూ గాలికీ తర్వాత వచ్చినవాళ్ళు సవరణలు చేసుకుంటూ పోయారు. సీమ ఎండకు సవరణ ఎవరైనా రాసినట్టు నేను వినలేదు. అది రాయాల్సింది బహుశా ఈ మామే. అయితే ఆయనతోనూ ఒక చిక్కుంది. వద్దు అనడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఆయనకు తెలియదు.

మామ: కార్తీకంలో పోదాం. నవంబరు. మనకు పడేదే ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. రాజస్థాన్‌లో జైసల్మేరు తర్వాత దేశంలో ఇంత కరువు జిల్లా మన అనంతపురమే అని బళ్ళో చెప్పేవాళ్ళు గదా. ఆ పడే కాస్త వాన కూడా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడేది. అది వెలిసినాక గుట్ట చల్లగా ఉంటుంది, దొనల్లో నీళ్ళుంటాయి, సీతాఫలాలు ఇంగా కొన్ని మిగిలుంటాయి.

కోడలు: నవంబరులో తుపాన్లు కూడా ఉంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అంటే మనకు రెండు దినాలు ముసురు. పొడిబండ మీద బూటు పట్టినట్టు ఇంగెక్కడా పట్టదు. అదే బండ తడిస్తే? నీళ్ళు కారిన చోటల్లా నల్లచారలు ఉంటాయి చూడు, ఎండాకాలంలో అవి మరకలు. తడిస్తే పాచి. దాని మీద కాలు పెట్టినోడికి రెండో అడుగు ఉండదు. ఎండకు సొమ్మసిల్లితే నీడకు మోసుకుపోవచ్చు. జారిపడితే ఏం చేస్తావు?

మామ: తడిగా ఉంటే పోము.

కోడలు: నీకు ధర్మవరం నుంచి రావడమే గదా. నేను బెంగళూరు నుంచి రావాల. వచ్చినాక పోము అంటే?

మామ: వెనక్కి పోతావు. కొండ యాడికీ పోదు.

కోడలు: సెలవు పోతుంది.

మామ: పోనీ.

ఇట్లా కాసేపు సాగింది. చివరికి ఆమే దిగొచ్చింది. కార్తీకంలో ఒక ఆదివారం, ముందురోజు వాన పడితే ఆ వారం రద్దు అని పట్టిక మీద రాసుకుంది. సోమవారం అయితే గుళ్ళ దగ్గర జనం ఎక్కువ కాబట్టి ఆదివారమే నయమని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది అక్కడి వరకే.

మామ: ముందురోజు రాత్రే పెనుకొండ చేరుకొని, తెల్లారుజామున నాలుగున్నరకు ఎక్కడం మొదలుపెడదాం. వెలుతురు వచ్చేసరికి సగం కొండ మన వెనకుండాల.

కోడలు: నాలుగున్నరకు ఆ గుట్ట మీద తిరిగేది మనమొక్కరమే కాదు మామా. ఎలుగుబంట్లకు అదే వేళ. చిరుతలు కూడా ఊరి పక్కకు వస్తాండాయని పేపర్లో నువ్వే చదివి నాకు ఫోను చేస్తావు. సీతాఫలాలు మిగిలుంటాయంటివే, అవి మనకోసమే మిగిలినాయా? రాత్రంతా తిని తిరిగిన ఎలుగు తన గుహకు పోయే దోవలో మనం టార్చిలైటు వేసుకొని ఎదురు పోతామా?

మామ: గుంపుగా, మాట్లాడుకుంటూ పోతే అదే తొలగిపోతుంది.

కోడలు: పోతుంది, దానికి వినిపిస్తే. మలుపు తిరిగిన చోట, గాలి ఎదురుగా కొట్టే చోట అది మన మాట వినదు, మన వాసన తెలుసుకోదు. ఉలిక్కిపడిన ఎలుగు మీద పడినాక అది పిరికిదని ఎవరికి చెప్పుకుంటావు? బాగా తెల్లారినాక, ఆరున్నర దాటినాక మొదలుపెడదాం. పొద్దు గుంకకముందు కాదు, మధ్యాహ్నానికే కింద ఉందాం. నా పట్టికలో తొమ్మిది తప్పే, ఒప్పుకుంటాను. నాలుగున్నర అంతకంటే తప్పు.

ఇక్కడ నేను పూర్తిగా కోడలి వైపు. చీకట్లో కొండెక్కి సూర్యోదయం చూడడం ఈ మధ్య బెంగళూరు చుట్టుపక్కల పెద్ద మోజు. స్కందగిరికి రాత్రి నడకలతోనే పేరొచ్చింది. ఆ మోజున్న ఊరి నుంచి వచ్చిన పిల్ల చీకటి వద్దంటుంటే, ధర్మవరం పెద్దాయన చీకటి కావాలంటున్నారు. ఎండకు భయపడడం ఆయనకు ఎంత అలవాటంటే, ఎండ లేని వేళంతా ఆయనకు క్షేమంగానే కనిపిస్తుంది.

మామ: సరే, ఆరున్నర. అక్క సంగతి చెప్పు. ఆమెను కూడా మెట్లెక్కిస్తావా?

కోడలు: అమ్మకు నరసింహస్వామి మొక్కు ఉంది. నడిచే వస్తానంటాంది. అందుకే రెండు గుంపులు. ముందు మేము పోతాం. వెనక నువ్వూ అమ్మా మెల్లగా, ఎంత దూరం అయితే అంత.

మామ: గుంపు చీలేదానికి నేను ఒప్పుకోను. వెనకుండే మనిషి నడకే గుంపు నడక. ముందుపోయినోళ్ళకు దోవ తప్పితే వెనకున్నోళ్ళకు తెలీదు. వెనకున్నోళ్ళకు కాలు బెణికితే ముందుపోయినోళ్ళు సెల్ఫీలు తీసుకుంటుంటారు.

కోడలు: ఫోన్లుండేది ఎందుకు?

మామ: బండ చాటున సిగ్నలు వస్తుందని ఎవరన్నారు? వచ్చిందే అనుకో. 108కు కొడతావు. బండి కొండ కిందికి వస్తుంది. బండ మీదికి రాదు. మిగతా దోవంతా మనిషిని మోసేది మనమే. నలుగురు మోయాల, ఇద్దరు దోవ చూపాల. నీ గుంపులో ఎందరున్నారో లెక్కేసుకో.

ఆమె లెక్కేసుకుంది. నోరు మెదపలేదు. కాగితం మీద రెండో గుంపు అని రాసిన వరసను అడ్డంగా కొట్టేసింది.

కోడలు: అయితే అమ్మ బండిలో వస్తుంది. బండి పోయినంత దూరం బండి, మిగతాది నడక. మొక్కు స్వామి సర్దుకుంటాడు.

మామ: అది నువ్వు చెప్పకు. నేను చెప్తాను అక్కకు. తమ్ముడి మాట అయితే తిట్టి ఊరుకుంటుంది. నీ మాట అయితే పంతానికి పోయి తిరుపతి మెట్లెక్కినప్పటి సంగతులన్నీ తీస్తుంది.

కోడలు: బండికి ఒప్పుకున్నావు గదా, ఇంగ అందరూ కలిసి పైదాకా పోవాల. సగంలో నీడ బాగుందని కూర్చుంటే నేను లేపుతా.

మామ: పైదాకా పోకపోతే ఏమి?

కోడలు: ఏమి అంటే? ఇంత దూరం వచ్చి?

మామ: చూడు పాపా, 1565 జనవరిలో రాక్షస తంగడి యుద్ధంలో రామరాయలు పోయినాక, ఆయన తమ్ముడు తిరుమల రాయలు హంపీ వదిలి ఈడికే ఎందుకొచ్చినాడు? రాబర్ట్ సూయెల్ అనే తెల్లదొర 1900లో అచ్చేసిన పుస్తకంలో ఐదు వందల యాభై ఏనుగుల మీద ధనం వేసుకొని వచ్చినారని ఉంది. రాజు సదాశివ రాయలను వెంటబెట్టుకొని మరీ వచ్చినారు. ఆ ఏనుగులు యాడ ఆగినాయి? కింద. గగన్ మహల్ యాడుంది? కింద. గుళ్ళూ, మసీదూ, బాబయ్య దర్గా, జైనుల పార్శ్వనాథుడూ, అంతా కింది ఊళ్ళోనే. కట్టినోళ్ళే ప్రాణం మీదికి వస్తే తప్ప పైకి పోలేదు. నిట్రంగా ఉండేది ఎవరూ ఎక్కకూడదనే గదా. నువ్వేమో దాన్ని ఎక్కకపోతే దినమంతా వృథా అంటావు.

కోడలు: గోడలు, బురుజులు పైదాకా ఎందుకు కట్టినారు మరి?

మామ: కాపలాకు.

కోడలు: నేనూ కాపలాదారు చూసిందే చూడాలంటాండా! కింద నిలబడి చూస్తే కోట అంటే రాళ్ళు. పైన నిలబడితేనే గదా ఆ రాళ్ళు ఆడ ఎందుకున్నాయో తెలిసేది. ఒక పక్క అనంతపురం దోవ, ఒక పక్క హిందూపురం దోవ. అప్పుడు దండు వచ్చిన వైపే ఇప్పుడు 44వ నంబరు హైవే, రైలు పట్టాలు. ఎర్రమంచి దగ్గర 2019లో కార్లు బయటికి తీయడం మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీ. వచ్చే బండేదో పోయే బండేదో అంతా ఒక్క చూపులో. హంపీకి 1567లో వచ్చిన వెనీసు వ్యాపారి చెజారె ఫెడెరీచి, కొలువంతా ఎనిమిది దినాల దోవలో ఉండే పెనుకొండకు వెళ్ళిపోయిందని రాసుకున్నాడు. ఎనిమిది దినాలు నడిచొచ్చినోళ్ళు ఈ కొండ దగ్గరే ఎందుకు ఆగినారో నాకు మూడు గంటలు ఎక్కితే అర్థమయితే, ఆ మూడు గంటలు వృథా అంటావా?

మామ: అనను. అర్థం కాకపోయినా కొండ తప్పు కాదంటాను.

మామ తెలివిగా తప్పుకున్నారు గానీ, ఈ వాదంలో బలం కోడలిదే. కోటను కిందినుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళకు పెనుకొండ చరిత్రలో మిగిలేది రెండే ముక్కలు: విజయనగరం పడిపోయినాక రాజధాని, మంత్రి తిమ్మరుసును చెరలో పెట్టారని చెప్పుకొనే చోటు. రెండూ ఓటమి కథలే. ఆ ఓటమి తర్వాత కూడా గోలకొండ, బిజాపూరు దండ్లు వచ్చి ముట్టడించినా ఈ కోట చాలా కాలం లొంగలేదు. 1590ల నాటికి కొలువు చంద్రగిరికి తరలిపోయేదాకా రాజ్యం పేరు నిలబడింది ఈ బండల ఆసరాతోనే. ఆ సంగతి ఒంటికి తెలియాలంటే కొంత ఆయాసం తప్పదు. పాఠ్యపుస్తకం చాలదు.

కోడలు: ఇంగ సాయంత్రం లేపాక్షి.

మామ: వద్దు.

కోడలు: హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు! ఎట్లాగూ మేము పోయే దోవే. పైగా కథ ఒకటే మామా. బుక్కరాయల కొడుకు విరూపణ్ణ ఒడెయరు కాలంలో పెనుకొండ కోట కట్టినారని 1354 నాటి శాసనం ఉంది. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళకు అచ్యుత రాయల కాలంలో ఇంకో విరూపణ్ణ పెనుకొండలో కోశాధికారిగా ఉండి లేపాక్షి గుడి కట్టించినాడు. ఆ గుడిని 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చినారు. రెండూ ఒకే దినం చూస్తే పిల్లలకు…

మామ: ఆ విరూపణ్ణ కొండ దిగిన సాయంత్రమే లేపాక్షికి పోయి స్తంభం కింద గుడ్డ దూర్చి చూసినాడా? కాళ్ళు వణుకుతుంటే బసవయ్య ముందర నిలబడి ఫొటో దిగి, లోపల బొమ్మలు చూడకుండానే బస్సెక్కుతారు. చూసినట్టూ ఉండదు, చూడనట్టూ ఉండదు. లేపాక్షికి ఒక దినం పెట్టుకో. మధ్యాహ్నం కింద గగన్ మహల్ చూద్దాం, దర్గాకు పోదాం, చెట్టు కింద పడుకుందాం.

కోడలు: నా స్నేహితురాళ్ళకు పట్టుచీరలు కూడా కావాల. అయితే ధర్మవరం వస్తాం సాయంత్రం.

మామ: అదీ వద్దు.

కోడలు: మగ్గాలు నీవే, అమ్ముకొనేదీ నువ్వే. రావద్దంటావేం?

మామ: చెమట చేతులతో పట్టు ముట్టుకుంటారు. అలిసిపోయి ఉన్నప్పుడు ఏ రంగు చూపించినా బాగుంది అంటారు. ఇంటికి పోయి విప్పి చూసి నన్ను తిట్టుకుంటారు. ఇంకో దినం తీసుకురా, పొద్దున వెలుతురులో చూపిస్తా.

ఈ ఒక్క మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

తిండి గురించి వాదం పెద్దగా జరగలేదు. పొద్దున ఎక్కేముందు ఉగ్గాని తింటే దాహమని మామ, తినకపోతే ఎట్లా అని కోడలు. బజ్జీలు లేకుండా ఉగ్గాని అని తేల్చుకున్నారు. పైకి చిత్రాన్నం, పెరుగన్నం, శెనక్కాయల ఉంటలు. నీళ్ళు మాత్రం మనిషికి రెండు కాదు, మూడు లీటర్లని మామ దిద్దారు. దొనల్లో నీళ్ళున్నా తాగేదానికి లెక్క పెట్టుకోవద్దన్నారు. ఒక సీసాలో లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వేరుగా పెట్టుకోమన్నది కోడలు. చెంచా తలగొట్టి కొలవాలని కూడా చెప్పింది. ఉప్పు ఎక్కువైతే మంచికి పోయి చెడు ఎదురవుతుంది. సెంటు పూసుకొని రావద్దని స్నేహితురాళ్ళకు ఆమె ముందే చెప్పిందట. నిటారు బండల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి, వాసనకూ పొగకూ అవి లేస్తాయి. లేచిన ఈగల ముందు పరుగెత్తేదానికి కొండమీద సమతలం ఉండదు. మామ మనవడు తెస్తానన్న పొయ్యి ఆ మాటతోనే పట్టికలోంచి పోయింది.

ఆ తర్వాత ఆయన లేచి అరుగు మెట్ల దగ్గరికి పోయి దిగడం చూపించారు. ఎక్కేది గుండె పని, దిగేది మోకాళ్ళ పని అంటూ. బండలో తొలిచిన పాత మెట్లు మధ్యలో అరిగి నున్నగా ఉంటాయి, అక్కడ కాలు పెట్టవద్దు, అంచుకు గరుకు మిగిలిన చోట పెట్టు. పాదం ముందుకు కాదు, కొంచెం అడ్డంగా తిప్పి వెయ్యి. మోకాలు బిగించకు. ముందున్న మనిషి రెండు మెట్లు దిగినాక నువ్వు దిగు, రాయి దొర్లితే ఆ మనిషి మీద పడకూడదు. డెబ్బై ఏళ్ళ మనిషి మూడు మెట్లను ముప్పై మెట్లన్నంత శ్రద్ధగా దిగి, మళ్ళీ ఎక్కి, కూర్చున్నారు. ఈ ఒక్క విషయంలో ఆమె ఎదురు చెప్పలేదు. లేచి తానూ దిగి చూసింది. ఆమె మడమ మొదట మధ్యలోనే పడింది. ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్ళీ దిగింది.

మిగిలింది ఒక్క గడి: ఏ వేళకు వెనక్కి తిరగాలి.

కోడలు: పైన గుడి చేరినా చేరకపోయినా, పదిన్నరకు వెనక్కి. అట్లయితే పన్నెండున్నరకు కింద.

మామ: గడియారం పెట్టకు. అరచేయి పెట్టు. ఎండపడే బండ మీద అరచేయి ఆనించి పది అంకెలు లెక్కపెట్టు. పది దాకా ఉంచలేకపోతే దిగడమే. మా నాయన కాలం నుంచి మేము అట్లనే చేస్తాం. గడియారానికి ఏ నెలైనా పదిన్నర పదిన్నరే. బండకు నెల తెలుసు.

కోడలు: శానా బాగుంది మామా. అట్లనే కానీ.

మామ: ఏం, అంత తొందరగా ఒప్పుకున్నావు?

కోడలు: కార్తీకం అంటివి గదా. నవంబరులో పన్నెండైనా చేయి కాలదు. నీ లెక్క ప్రకారమైతే మధ్యాహ్నం దాకా పైనే ఉండొచ్చు. పైగా గుడి దగ్గరే అన్నం తినొచ్చు.

మామ: అట్ల కాదు.

కోడలు: అట్ల కాకపోతే ఎట్ల? బండకు నెల తెలుసంటివే!

మామ: బండకు తెలుసు. మీ అమ్మకు ఆకలి వేస్తే నెల తెలీదు. సరే, గడియారం కూడా రాయి. పది.

కోడలు: పదిన్నర.

మామ: పది. బండ గానీ గడియారం గానీ, ఏది ముందొస్తే దానికి తిరుగుతాం.

కోడలు: మూడోది కూడా రాస్తాండా. అమ్మ చాలు అంటే చాలు. ఆమె అన్నాక ఇంగ పది నిమిషాలు అని నేను అనను, కూర్చో అక్కా అని నువ్వు అనకూడదు.

మామ: అదెట్ల కుదురుతుంది? ఆమె బండి దిగంగానే చాలు అంటుంది.

కోడలు: తిరుపతి మెట్లెక్కిన మనిషి అంటివి.

మామ: అప్పుడు వయసు వేరు. సరే, రాయి. కానీ పది.

ఆమె పదిన్నర అనే రాసింది. ఆయన కళ్ళజోడు లోపల ఉండిపోయింది.